కుందేలు దవడ గడ్డ: చీము వెనుకనున్న క్రిములు



పశువును నోరులేని జీవం అంటాము గాని, గేదెకు నొప్పి చేస్తే నెమరు మానేస్తుంది, మేకకు బాధ కలిగితే మూలుగుతుంది. ఏదో ఒక విధంగా మనకు తెలియజేస్తాయి. కుందేలు అట్లా కాదు. నక్కకూ, కుక్కకూ, గద్దకూ తిండిగా పుట్టిన జాతి అది. జబ్బుపడినట్లు పైకి కనబడితే ముందు దానినే ఎత్తుకుపోతాయి. అందువల్ల బాధను దాచుకోవడం దానికి పుట్టుకతో వచ్చిన గుణం. పళ్లు సలుపుతున్నా తొట్టి దగ్గరకు వస్తుంది, మూతి పెడుతుంది, తింటున్నట్లే ఉంటుంది. ఒకనాడు చేతికెత్తుకుంటే తేలిగ్గా తోస్తుంది. వెన్నుపూస చేతికి తగులుతుంది. దవడ కింద తడిమి చూస్తే గోలీకాయంత గట్టి గడ్డ కనిపిస్తుంది. అప్పటికి జబ్బు మొదలై ఎన్నో వారాలు అయి ఉంటుంది.

ఈ గడ్డ ఎందుకు పుడుతుంది, అందులో ఏ క్రిములు చేరుతాయి, మనం చేయవలసిందేమిటి, చేయకూడనిదేమిటి అన్నది ఈనాటి ప్రసంగం. చేయకూడని పని ఒకటి ఉన్నది. అది చేస్తే గడ్డతో నెలల తరబడి బతకగల కుందేలు నాలుగు రోజుల్లో చస్తుంది. ఆ సంగతి తగిన చోట చెబుతాను, మరచిపోకండి.

మన నందిగామ, జగ్గయ్యపేట ప్రాంతం 2022 ఏప్రిల్ నుంచి ఎన్టీఆర్ జిల్లాలోకి వచ్చింది. అయినా కృష్ణా జిల్లా మెట్ట అంటేనే అందరికీ సులువుగా తెలుస్తుంది. పత్తి, మిరప, అపరాలు, సుబాబుల్ తోటలు, గొర్రెల మందలు, పాడి గేదెలు మన బతుకుతెరువు. కుందేళ్ల పెంపకం పెద్ద వ్యాపకం కాకపోయినా, దొడ్లో రేకుల పంచన నాలుగు తీగ గూళ్లు పెట్టుకొని మాంసానికో, పిల్లల ముచ్చటకో పెంచుకునేవారు ఉంటారు. ఇక్కడ ఒక ముక్క చెప్పుకోవాలి. గూళ్లలో పెంచే కుందేలు ఐరోపా నుంచి వచ్చిన జాతి. మన చేలగట్ల మీద, తుమ్మ చెట్ల కింద పరుగెత్తేది వేరు. దాన్ని పట్టడం, చంపడం 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం నేరం. నేను చెప్పేదంతా గూటి కుందేలును గురించే.

ముందు పళ్ల సంగతి చూద్దాం. కుందేలుకు 28 పళ్లు. ముందుపక్క పైన రెండు పెద్ద పళ్లు, వాటి వెనుక దాక్కొని రెండు చిన్న పళ్లు, కింద రెండు. మిగిలిన 22 బుగ్గల లోపల ఉండే దవడ పళ్లు. మన పళ్లు ఒకసారి వచ్చాక పెరగవు. కుందేలు పళ్లన్నీ, ముందువీ లోపలివీ కూడా, చచ్చేదాకా పెరుగుతూనే ఉంటాయి. ముందుపళ్లు వారానికి రెండు మిల్లీమీటర్లకు పైగా పెరుగుతాయి. ఏడాదికి లెక్కవేస్తే బెత్తెడుకు పైమాటే. మరి నోట్లో పట్టేదెట్లా? పై పన్ను, కింది పన్ను ఒకదానితో ఒకటి రాసుకొని అరిగిపోవాలి. ఎంత పెరుగుదలో అంత అరుగుదల. ఈ లెక్క సరిపోయినంతకాలం కుందేలు సుఖంగా ఉంటుంది.

అరగదీసేది గడ్డి. గడ్డిపోచను కుందేలు తిరగలి తిప్పినట్లు దవడను పక్కలకు తిప్పి నూరుతుంది. నిమిషానికి వందసార్లకు పైగా దవడ ఆడుతుంది. గడ్డిలో ఇసుక జాతికి చెందిన గరుకు పదార్థం ఉన్నది. అది సానరాయి పని చేస్తుంది. అదే కుందేలుకు మొక్కజొన్న నూక, తౌడు, గుళికల దాణా పెట్టారనుకోండి. ఆ తిండిని పైనుంచి కిందికి రెండు నొక్కులు నొక్కి మింగేస్తుంది. కడుపు నిండుతుంది గాని తిరగలి ఆడదు. పళ్లు అరగక పెరిగి ఒకదాని మీద ఒకటి ఒత్తుకుంటాయి. పైకి పెరగడానికి చోటు లేనప్పుడు పంటి మూలం వెనక్కు, దవడ ఎముకలోకి దిగుతుంది. కింది దవడ అంచున వేలితో తడిమితే బొడిపెలు తగిలేది ఇందువల్లనే. పైగా అరుగుదల సమంగా లేక పళ్ల అంచులు ములుకులు తేలతాయి. కింది పళ్ల ములుకులు నాలుకనూ, పై పళ్ల ములుకులు బుగ్గనూ కోస్తాయి. పంటికీ పంటికీ మధ్య సందు పడి మేత ఇరుక్కుంటుంది.

అదే క్రిములకు దారి. దారులు ఇంకా ఉన్నాయి. గట్టు గడ్డితో పాటు పల్లేరుకాయలు, తుమ్మముళ్లు కోసుకువచ్చి గూట్లో వేస్తే చిగుళ్లలో గుచ్చుకుంటాయి. విసుగుతో కుందేలు గూటి తీగను కొరికి పన్ను పగలగొట్టుకుంటుంది. అన్నింటికన్నా చెడ్డది మనిషి చేతిపని. ముందుపళ్లు పొడుగెక్కాయని కటింగ్ ప్లయరుతో పటుక్కున కత్తిరించడం కొందరికి అలవాటు. అట్లా కత్తిరిస్తే పన్ను నిలువునా చీలుతుంది. చీలిక చిగురు లోపలికి పోతుంది. పంటిలోని మెత్తని గుజ్జు బయటపడుతుంది. పదిహేను రోజులు తిరిగేసరికి మూలంలో చీము చేరుతుంది. ముందుపళ్లను సన్నని చక్రంతో అరగదీయవలసిందే గాని కత్తిరించరాదు. అది పశువుల డాక్టరుగారు చేయవలసిన పని.

ఇక క్రిముల విషయం. కుందేలు చీము అనగానే చాలాకాలం పుస్తకాలు రెండు పేర్లు చెప్పేవి: పాశ్చురెల్లా మల్టోసిడా, స్టాఫిలోకాకస్ ఆరియస్. పాశ్చురెల్లా మన రైతులకు కొత్త కాదు. 1880లో పాశ్చర్ మహాశయుడు కోళ్ల కలరా మీద చేసిన పరిశోధనలో తేలిన క్రిమి అదే. ఆయన పేరే దానికి వచ్చింది. మన గేదెలకు తొలకరిలో వచ్చే గొంతువాపు, అంటే గురక రోగం, దానికీ ఈ జాతి క్రిమే కారణం. అయితే రకం వేరు. కుందేళ్లలో ఇది తుమ్ములు, ముక్కు కారడం, చెవి వాపు, అక్కడక్కడ చీము గడ్డలు పుట్టిస్తుంది. స్టాఫిలోకాకస్ చర్మం మీద కాచుకొని ఉండే క్రిమి. గీరుకుపోయిన చోట, తీగ గుచ్చుకున్న చోట, పాలిచ్చే ఆడ కుందేలు పొదుగులో చీము పట్టిస్తుంది.

కాబట్టి దవడ గడ్డ కూడా వీటి పనే అనుకున్నారు. తాను పట్టిన కుందేటికి మూడే కాళ్లన్నట్లు ఆ మాట చాలాకాలం చలామణీ అయింది. 2002లో అమెరికాలోని కాలిఫోర్నియా పరిశోధకులు 12 దవడ గడ్డల చీమును గాలి తగలకుండా తీసి, గాలి లేని పెట్టెల్లో క్రిములను పెంచి చూశారు. వాటిలో పాశ్చురెల్లా ఒక్కదానిలోనూ దొరకలేదు. దొరికినవి ఫ్యూసోబాక్టీరియం న్యూక్లియేటం, ప్రివొటెల్లా, పెప్టోస్ట్రెప్టోకాకస్, స్ట్రెప్టోకాకస్ మిల్లెరి గుంపు, ఆక్టినోమైసిస్ ఇజ్రేలీ వంటివి. వీటి పేర్లు నోరు తిరగవు గాని గుణం తెలుసుకోవాలి. ఇవి చాలావరకు మనుషుల చిగుళ్ల జబ్బులో కనిపించే క్రిముల చుట్టాలే. నోట్లో ఎప్పుడూ కాపురం ఉండేవే. 12 గడ్డలు చిన్న లెక్కే. మరోచోట చూస్తే పాశ్చురెల్లా, స్టాఫిలోకాకస్ కూడా దొరకవచ్చు. అయినా దవడ గడ్డ బయటినుంచి వచ్చి పడ్డ ఒక క్రిమి పని కాదనీ, నోటిలోని క్రిములు గుంపు కట్టి చేసే పని అనీ మాత్రం నమ్మవచ్చు.

గుంపు కట్టడం అన్నాను. అది ఎట్లా జరుగుతుందో చూడండి. ఇరుక్కున్న మేత కుళ్లి, చిగురు వదులై, లోతైన సందు పడుతుంది. అక్కడికి ముందుగా స్ట్రెప్టోకాకస్ వంటివి చేరుతాయి. ఇవి గాలి ఉన్నా బతుకుతాయి, లేకపోయినా బతుకుతాయి. ఉన్న కాస్త ప్రాణవాయువునూ ఇవి వాడేస్తాయి. అప్పుడు గాలి పొడ గిట్టని ఫ్యూసోబాక్టీరియం, ప్రివొటెల్లా వచ్చి స్థిరపడతాయి. చుట్టూ ఉన్న కండనూ, ఎముకనూ కరిగించే రసాలను వదులుతాయి. దవడ గడ్డ కోసినప్పుడు వచ్చే దుర్వాసన ఈ గాలి గిట్టని క్రిములదే. అవన్నీ కలిసి జిగురు పొర కట్టుకొని, పంటి మూలాన్నీ చచ్చిన ఎముకనూ పట్టుకొని కూర్చుంటాయి. నెత్తురు పారని చోటికి మందు చేరదు. సూది మందుతో నాలుగు రోజులు తగ్గినట్టే ఉండి మళ్లీ ఉబ్బేది ఇందుకే.

ఫ్యూసోబాక్టీరియం కుటుంబంలోనే నెక్రోఫోరం అని ఇంకొకటి ఉన్నది. దానివల్ల కుందేళ్ల ముఖం, పెదవులు, దవడ కుళ్లిపోయే జబ్బును 1891లో జర్మనీ దేశపు ష్మోర్ల్ వర్ణించాడు. పెంట పేరుకున్న గూళ్లలో నోటికి తగిలిన చిన్న గాయం నుంచి అది ఎక్కుతుంది. మన గొర్రెలకు వానాకాలంలో వచ్చే గిట్టల కుళ్లులో భాగస్వామి ఇదే. గొర్రెల దొడ్డి బురద తొక్కిన కాళ్లతో కుందేళ్ల గూటి దగ్గరకు పోవద్దని చెప్పడానికి ఇది చాలదా?

చీము గుణం వేరే చెప్పాలి. మనిషికి సెగగడ్డ లేస్తే మెత్తబడుతుంది, పక్వానికి వస్తుంది, చిదిపితే కారిపోతుంది. కుందేలు చీము కారదు. తాంబూలంలో రాసుకునే సున్నం ముద్దలాగా గట్టిగా ఉంటుంది. చీమును పల్చబరచే పదార్థం ఆ జంతువు తెల్లకణాలలో కొరవడటమే దీనికి కారణమని చెబుతారు. పైగా చుట్టూ మందపాటి తోలు సంచి కట్టుకుంటుంది. కాబట్టి బ్లేడుతో గాటు పెట్టి పిండితే కాస్త ముద్ద బయటికి వస్తుందే గాని సంచి లోపలే ఉంటుంది, దాని అడుగున చెడిన పన్ను ఉంటుంది. పదిరోజుల్లో గాటు మానుతుంది, గడ్డ మళ్లీ నిండుతుంది. వేపాకు కట్లు, సున్నం బెల్లం పట్లు గడ్డను పక్వానికి తెస్తాయని పెట్టేవారున్నారు. పక్వానికి రాని గడ్డను తెచ్చేదెట్లా? చర్మం పొక్కడం తప్ప ఫలం లేదు.

గొర్రెలకూ, మేకలకూ దవడ కింద, చెవి కింద గడ్డలు లేస్తాయి గదా, అది కూడా ఇదేనా అని మీకు తోచవచ్చు. కాదు. అది కొరినీబాక్టీరియం అనే క్రిమి వల్ల బిళ్లలలో వచ్చే గడ్డ. దాన్ని మంద మధ్యలో పగలనిస్తే ఆ చీము ద్వారా మిగతా జీవాలకు అంటుకుంటుంది. గడ్డ ఉన్న గొర్రెను వేరుచేయాలి. ఇక ఎద్దు దవడ ఎముక రాయిలాగా ఉబ్బేది ఆక్టినోమైసిస్ బోవిస్ పని. ముళ్ల మేత గుచ్చుకున్న చోటినుంచి ఎముకలోకి దిగుతుంది. కుందేలు గడ్డలో దొరికిన ఆక్టినోమైసిస్ దానికి దాయాది. కుందేలు పంటి గడ్డ తుమ్ముల జబ్బులాగా ఒకదాని నుంచి ఒకదానికి అంటదు. ఒకదానికి వచ్చిందని గూళ్లన్నీ ఖాళీ చేయనక్కరలేదు. అయితే ఒకే తిండి తింటున్న నాలుగు కుందేళ్లలో రెండింటికి వచ్చిందంటే మిగతా రెండింటి పళ్లూ చూసుకోవలసిందే. తప్పు క్రిమిది కాదు, తొట్టిది.

ఇప్పుడు ముందు చెప్పిన సంగతికి వస్తాను. గడ్డ కనిపించగానే ఇంట్లో ఉన్న గొట్టాలు విప్పి పొడి నీళ్లలో కలిపి పోయడం, మందుల షాపులో అడిగి అమాక్సిసిలిన్ తెచ్చి తాగించడం జరుగుతుంటుంది. పిల్లవాడికి పనిచేసింది, కుందేలుకు పనిచేయదా అని. సోదరులారా, అమాక్సిసిలిన్, ఆంపిసిలిన్, లింకోమైసిన్, క్లిండామైసిన్, వీటిని కుందేలుకు నోటి ద్వారా ఇవ్వరాదు. కుందేలు పెద్దపేగు మొదట్లో ఒక సంచి ఉన్నది. గడ్డిని పులియబెట్టి పోషకంగా మార్చే మంచి క్రిములు అందులో కోట్లాదిగా ఉంటాయి. ఈ మందులు వాటిని చంపివేస్తాయి. ఖాళీ అయిన చోట క్లాస్ట్రీడియం జాతి దుష్ట క్రిములు పెరిగి విషం పుట్టిస్తాయి. నీళ్ల విరేచనం పట్టుకుంటుంది, పొట్ట ఉబ్బుతుంది, జంతువు పడిపోతుంది. గడ్డ గడ్డలాగే ఉంటుంది, కుందేలు పోతుంది.

ఇందులో విడ్డూరం ఒకటి ఉన్నది. ఆ 2002 పరిశోధనలో దొరికిన క్రిములను పరీక్ష గాజు మీద నూటికి నూరుపాళ్లు అణచిన మందు క్లిండామైసిన్! క్రిమిని చంపడంలో సాటిలేని మందే కుందేలునూ చంపుతుంది. పెన్సిలిన్ నూటికి 96 పాళ్లు పనిచేసింది, మెట్రోనిడజోల్ 54, ట్రైమెథోప్రిమ్ సల్ఫా మందు 7 మాత్రమే. మన పశువుల ఆసుపత్రులలో సల్ఫా మందులు వాడుకలో ఉన్నవే. కుందేలు కడుపుకు అవి హాని చేయవు గనుక ఇస్తారు. కడుపుకు మంచిదే గాని ఈ గడ్డకు చాలదు. పెన్సిలిన్‌ను నోటి ద్వారా గాక చర్మం కింద సూదిగా ఇస్తే కుందేలు సాధారణంగా తట్టుకుంటుంది. ఏ రకం, ఎంత, ఎన్నాళ్లు అన్నది జంతువు తూకం చూసి డాక్టరుగారు నిర్ణయించాలి. సూది పడ్డ కుందేలును ఎన్నాళ్ల వరకు కోయకూడదో కూడా ఆయననే అడిగి గోడ మీద తేదీ రాసుకోండి.

మందు ఒక్కటే గడ్డను మాన్పదు. మత్తు ఇచ్చి, సంచిని పగలకుండా చుట్టూ విడదీసి తీయాలి. చెడిన పన్ను పీకాలి. నల్లబడ్డ ఎముకను గీకాలి. సంచి మొత్తం రాకపోతే అంచులను చర్మానికి కుట్టి నోరు తెరిచి ఉంచి రోజూ కడుగుతారు. ఎక్స్‌రే లేకుండా ఏ పన్ను చెడిందో చెప్పడం కష్టం. గన్నవరంలో పశువైద్య కళాశాల ఉన్నది. అటువంటి చోట అడిగి చూడవచ్చు. అయితే నిజం మాట్లాడుకుందాం. మాంసానికి పెంచే కుందేలు ధర ఈ వైద్యానికయ్యే ఖర్చులో ఎన్నో వంతు? చిన్నపిల్ల చేతిలో పెరిగిన కుందేలు లెక్క వేరు, అక్కడ ధర మాట ఎత్తకూడదు. వ్యాపారానికి పెంచేదయితే, ఎముక దాకా పోయిన గడ్డకు డాక్టరుగారి సలహాతో బాధ లేకుండా ప్రాణం తీయించి, సున్నం చల్లి లోతుగా పాతిపెట్టడమే మేలని నా అభిప్రాయం. గడ్డ ఉన్న కుందేలును ఇంకొకరికి అమ్మడం, తల కోసి పారేసి మిగతాది వండుకోవడం మాత్రం వద్దు. నెత్తురులో చేరిన క్రిములు కాలేయానికీ ఊపిరితిత్తులకూ చేరి ఉండవచ్చు.

గ్రామసేవ చేసే ఉద్యోగులకు ఒక మాట. పరీక్షకు చీము పంపేటప్పుడు నడిమి ముద్ద తీయకండి. అందులో బతికిన క్రిమి ఉండకపోవచ్చు. సంచి గోడను గీకి తీయాలి. గాలి తగిలితే అసలు క్రిములు దారిలోనే చస్తాయి. గాలి చొరని సీసాలో అదేరోజు చేర్చాలి. అట్లా చేయకపోతే పైపైన తగులుకున్న స్టాఫిలోకాకస్ పేరు చీటీ మీద వస్తుంది, వైద్యం దాని వెంట పోతుంది.

ఎండాకాలం మన మెట్టలో 44, 45 డిగ్రీలు కాసినప్పుడు కుందేళ్లు మేత మానేస్తాయి. ఎండకు మానిందా, పంటికి మానిందా అని పోల్చుకోవాలి. ఎండకు అయితే గూళ్లలో అన్నీ రొప్పుతాయి, చల్లబడ్డాక రాత్రికి తింటాయి. పంటికి అయితే ఒక్కటే మానుతుంది. ముందు గట్టి గడ్డి మానుతుంది, మెత్తని దాణా తింటుంది. నోట్లోకి తీసుకున్న పోచ జారవిడుస్తుంది. గడ్డం కింద చొంగతో బొచ్చు తడిసి అట్టకడుతుంది. మూతి తుడుచుకొని ముందుకాళ్ల లోపలిపక్క కూడా తడిగా ఉంటుంది. ఒక కంట నీరు కారుతుంది, ఎందుకంటే పై పంటి మూలం కంటినీటి కాలువను నొక్కుతుంది. పై దవడ వెనుక చీము చేరితే కనుగుడ్డే ముందుకు పొడుచుకువస్తుంది. పెంటికలు చిన్నవవుతాయి. రాత్రిపూట తిరిగి తినవలసిన మెత్తని పెంటికలు తినలేక వెనుక భాగానికి అంటుకొని ఉంటాయి.

పదిహేను రోజులకొకసారి ఇంట్లో ఆడవాళ్లే ఈ తనిఖీ చేయగలరు. కుందేలును ఒడిలో కూర్చోబెట్టుకొని, వెనుకకాళ్లకు ఆసరా ఇచ్చి, పెదవులు ఎత్తి ముందుపళ్లు చూడాలి. పైపళ్లు కిందిపళ్లకు కాస్త ముందుగా మూసుకోవాలి. బొటనవేలుతో కింది దవడ అంచు రెండుపక్కలా తడమాలి. తూకం వేసి రాయాలి. పిల్లలకు పాలు మాన్పించేనాడే పళ్లు చూడండి. ఆ వయసులోనే వంకర ఉన్నదంటే అది వంశంలో వచ్చింది. అటువంటి పిల్లను విత్తనానికి ఉంచరాదు, దాన్ని కన్న జంటను మళ్లీ కలపరాదు. తండ్రిని కూతురికి కలిపే చోట ఈ లోపం త్వరగా బయటపడుతుంది. మగ కుందేలును ఇంకొక ఊరివారితో మార్చుకోవడం మంచిది.

మేత సంగతి చివర పెట్టాను గాని అసలు మందు అదే. ఎండుగడ్డి, పచ్చగడ్డి పగలూ రాత్రీ ఎదుట ఉండాలి. దాణా కొలిచి పెట్టాలి. ఉత్త తౌడు మీద పెంచితే పళ్లు అరగవు. పైగా తౌడులో భాస్వరం ఎక్కువ, సున్నం తక్కువ గనుక ఎముక గుల్లబారుతుంది. మినప కట్టె, పెసర కట్టె, వేరుశనగ కట్టె దుమ్ము దులిపి వేయవచ్చు. మిరప, పత్తి చేల గట్ల గడ్డి మందు కొట్టిన రోజుల్లో కోయకండి. కోసిన గడ్డిని పరచి పల్లేరుకాయలు ఏరివేయండి. సుబాబుల్ ఆకు మనకు కావలసినంత ఉన్నది, కుందేలు ఇష్టంగానూ తింటుంది. కాని అందులో మైమోసిన్ అనే పదార్థం ఉండి ఎక్కువయితే బొచ్చు రాలుతుంది. పచ్చిమేతలో కొద్దిపాటి భాగంగా వేసి, మిగిలినది గడ్డితోనే నింపండి. ఆకు దూసిన సుబాబుల్ పుల్లలను మాత్రం గూట్లోనే వదలండి; తీగ కొరకడం మాని వాటిని కొరుకుతుంది.